హై మ్యాజిక్ క్యాంపెయిన్‌లో స్పెల్స్‌ని ఆపకండి, వాటి లెక్కలు చూడండి

"లెవెల్ పది దాటాక క్యాంపెయిన్ ఆపేస్తా, ఆ తర్వాత మ్యాజిక్‌ని తట్టుకోలేం" అని చాలామంది గేమ్ మాస్టర్లు అంటుంటారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నాకు బాగా ఇష్టమైన ఆట మొదలయ్యేదే అక్కడ. ఎగిరే స్పెల్ ఉంది కాబట్టి కోటగోడకి విలువ లేదంటారు, శవంతో మాట్లాడే స్పెల్ ఉంది కాబట్టి హత్య కథ నడవదంటారు, చచ్చినవాళ్లని లేపే స్పెల్ ఉంది కాబట్టి ప్లేయర్లకి చావంటే భయమే లేదంటారు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి మ్యాజిక్ నిండిన లోకాల్లోనే ఆటలు నడుపుతున్నా, నాకు అర్థమైంది ఏంటంటే ఆ స్పెల్స్‌ని అడ్డుకోవాల్సిన పనే లేదు. అవి పుస్తకంలో రాసినట్టే పనిచేస్తాయని ఒప్పేసుకుని, అలాంటి లోకంలో జనం ఎలా బతుకుతారు, దానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఎవరి దాకా అది చేరదు అని కాసేపు కూర్చుని ఆలోచిస్తే చాలు, కథలు వాటంతటవే వస్తాయి.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. నలుగురైదుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో క్యారెక్టర్, గేమ్ మాస్టరేమో మిగతా లోకం మొత్తాన్నీ ఆడిస్తారు, ఏదైనా అవుతుందా కాదా తేలాలంటే ఇరవై ముఖాల డైస్ వేస్తారు. ఇలా చాలా సెషన్లు సాగే ఒకే పెద్ద కథని క్యాంపెయిన్ అంటారు, ఆడేకొద్దీ క్యారెక్టర్ల లెవెల్, అంటే స్థాయి, పెరుగుతుంది. మా గ్యాంగ్‌లో ఒకరు డల్లాస్‌లో, మిగతావాళ్లం హైదరాబాద్‌లో, కాబట్టి మాకు ఆదివారం పొద్దున, అక్కడ శనివారం రాత్రి, వాయిస్ కాల్‌లో ఆడతాం, ఆటంతా తెలుగులోనే. నేను కింద చెప్పే నంబర్లు 2014లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్‌వి, 2024లో సవరించిన పుస్తకాలు వచ్చాయి గానీ మేమింకా పాతవాటి మీదే ఆడుతున్నాం. పుస్తకాలు కొనలేం అనుకునేవాళ్లు ఆగిపోవద్దు, 2023 జనవరిలో ఎస్‌ఆర్‌డీ 5.1 అని ముఖ్యమైన రూల్స్ అన్నీ ఉన్న డాక్యుమెంట్‌ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఫ్రీగా ఇచ్చేశారు, ఒక క్యాంపెయిన్ మొదలుపెట్టడానికి అది బాగా సరిపోతుంది.

మ్యాజిక్ ఎక్కువ ఉన్న లోకం అంటే నేను అందరికీ ముందు చూపించేది ఎబెరాన్. 2002లో ఈ ఆటని ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ కొత్త లోకం కావాలని పోటీ పెడితే పదకొండు వేలకి పైగా ఎంట్రీలు వచ్చాయి, అందులో కీత్ బేకర్ అనే ఆయన ఐడియా గెలిచింది, 2004లో పుస్తకంగా వచ్చింది. అందులో నాకు నచ్చింది ఏంటంటే, పెద్ద పెద్ద మంత్రగాళ్లు అక్కడ చాలా అరుదు, చిన్న మ్యాజిక్ మాత్రం ఊరూరా ఉంటుంది, అదొక వ్యాపారం. మెరుపు శక్తితో నడిచే రైలు ఒక కుటుంబం చేతిలో, కబుర్లు పంపే స్టేషన్లు ఇంకో కుటుంబం చేతిలో, వైద్యం జొరాస్కో అనే కుటుంబం చేతిలో, వాళ్లు డబ్బు తీసుకునే వైద్యం చేస్తారు. యుద్ధం కోసం తయారు చేసిన వార్‌ఫోర్జ్‌డ్ అనే ప్రాణమున్న యంత్రాలు, వందేళ్ల యుద్ధం ముగిశాక చేసుకున్న ఒప్పందంలో స్వతంత్రులయ్యారు, ఇప్పుడు వాళ్లకి పనెవరిస్తారు? ఈ ఒక్క ప్రశ్నతో ఏడాది పాటు ఆట నడపొచ్చు.

నా సొంత లోకం కట్టుకునేటప్పుడు కూడా నేను చేసేది అదే. ఒక స్పెల్ తీసుకుంటా, దాని మీద కూడికలు తీసివేతలు చేస్తా. ఉదాహరణకి క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్, థర్డ్ లెవెల్ స్పెల్ (స్పెల్ లెవెల్ వేరు, క్యారెక్టర్ లెవెల్ వేరు), ఒకసారి వేస్తే పదిహేను మందికి ఒక రోజు తిండి. ఐదో లెవెల్ క్లెరిక్, అంటే దేవుడి శక్తితో స్పెల్స్ వేసే పూజారి, దాన్ని రోజుకి రెండుసార్లు వేయగలడు, అంటే ముప్ఫై మంది. ఇప్పుడు లక్ష మంది ఉన్న పట్నాన్ని శత్రువులు చుట్టుముట్టారనుకోండి, అందరికీ తిండి పెట్టాలంటే ఆ స్థాయి క్లెరిక్‌లు మూడు వేల మూడొందల పైన కావాలి, అంతమంది ఏ పట్నంలోనూ ఉండరు. ఓ నలభై మంది ఉన్నారనుకుందాం, పన్నెండు వందల మందికి అన్నం దొరుకుతుంది. ఎవరా పన్నెండు వందల మంది? ఆ పేర్ల లిస్టు రాసేది ఎవరు? గుడి పెద్దలా, సైన్యాధిపతా? అందులో తన పిల్లల పేర్లు లేవని తెలిసిన వంటమనిషి ఏం చేస్తుంది? "మ్యాజిక్‌తో అన్నం పుడుతుంటే కరువు కథ ఎలా చెప్తావ్" అని అడిగేవాళ్లకి నేను ఈ లెక్క చూపిస్తా, మ్యాజిక్ లేకపోయుంటే అది మామూలు కరువు, మ్యాజిక్ ఉంది కాబట్టే అందులో అంత అన్యాయం కనపడుతోంది.

ఇంక వజ్రాల సంగతి, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా.

ఈ ఆటలో చచ్చినవాళ్లని లేపాలంటే వజ్రం కావాలి. రివివిఫై వేయాలంటే మూడొందల గోల్డ్ (ఆటలో బంగారు నాణేలు) విలువైన వజ్రాలు, మనిషి పోయి నిమిషం దాటకూడదు. రెయిజ్ డెడ్‌కి ఐదొందల గోల్డ్ వజ్రం, పది రోజుల లోపు. రిసరెక్షన్‌కి వెయ్యి గోల్డ్, వందేళ్ల దాకా పర్లేదు. ట్రూ రిసరెక్షన్ అయితే పాతిక వేల గోల్డ్ విలువైన వజ్రాలు, రెండొందల ఏళ్లు. ముఖ్యమైన మాట ఏంటంటే స్పెల్ వేశాక ఆ వజ్రం మాయమైపోతుంది, మళ్లీ దొరకదు. అంటే ఒక్కో మనిషి బతికినప్పుడల్లా లోకంలో ఒక్కో వజ్రం తగ్గిపోతోంది.

ఇది చదివిన రోజు నాకు వెంటనే కొల్లూరు గుర్తొచ్చింది. ఇప్పటి పల్నాడు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, గోల్కొండ సుల్తానుల కాలంలో పెద్ద వజ్రాల గని అక్కడే ఉండేది, కోహినూర్ కూడా అక్కడిదే అని ఎక్కువమంది నమ్మకం. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, అక్కడ ఆడా మగా పిల్లలతో కలిపి అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపుగా మన దేశం నుంచే. ఇప్పుడు ఆ వజ్రాలు కిరీటాల్లోకి కాకుండా చచ్చినవాళ్లని లేపడానికి వాడే లోకం ఒకటి ఊహించుకోండి. ఆ నది ఒడ్డు కోసం ఎన్ని రాజ్యాలు కొట్టుకుంటాయి! ఏ రాజుకి ఎన్ని చావులు మిగిలున్నాయో ఖజానాలో వజ్రాలు లెక్కపెట్టి చెప్పేయొచ్చు. ముసలి జమీందారు మూడోసారి బతికొచ్చాడు, కొడుకు యాభై ఏళ్లొచ్చినా ఆస్తి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. గనిలో మట్టి కూలి పోయిన కూలీని మాత్రం ఎవరూ లేపరు, వాడు జీవితమంతా తవ్వి తీసింది అదే అయినా సరే.

మా క్యాంపెయిన్ మొత్తం ఇప్పుడు అలాంటి నది ఒడ్డునే నడుస్తోంది. క్లెరిక్ ఆడే అక్క మొదట్లో ప్రతి సెషన్‌కీ వజ్రాలు కొనుక్కుని సంచిలో వేసుకునేది, షాపింగ్ లిస్టులో ఒక ఐటెమ్ అంతే. గని చూసొచ్చాక ఒకసారి మా ఫైటర్ చచ్చిపోతే, వజ్రం చేతిలో పట్టుకుని "ఇది ఏ గుంతలోంచి వచ్చిందో తెలుసుకోవచ్చా?" అని అడిగింది. నేను ఏ రూలూ మార్చలేదు, స్పెల్ పనిచేసింది, ఫైటర్ లేచి కూర్చున్నాడు, కానీ ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ తర్వాత చాలా సెషన్లు నడిచాయి.

ఇక్కడో చిన్న మెలిక ఉంది, రూల్స్ పిచ్చి ఉన్నవాళ్లకి నచ్చుతుంది. పుస్తకం వజ్రం బరువు చెప్పదు, ఖరీదే చెప్తుంది. అంటే వజ్రాల ధర పెరిగితే అదే ఐదొందలకి ఇంకా చిన్న రాయి వస్తుంది, దానితో కూడా స్పెల్ పనిచేయాలి కదా! మా లోకంలో వర్తకులు ఇది కనిపెట్టేశారు, కావాలనే సరుకు దాచేసి రేటు పెంచుతారు, రేటు పెరిగితే చిన్న రాళ్లు కూడా ప్రాణం పోస్తాయి. గుళ్లేమో దేవుడు చూసేది బరువునే అంటూ తూకం పెడతాయి. ఎవరిది రైటో నేను తేల్చలేదు, ప్లేయర్లు తేల్చుకుంటారు.

నేను మ్యాజిక్‌ని అడ్డుకోకపోవడానికి కారణం చిన్నప్పుడు విన్న కథలే అనిపిస్తుంది. హిరణ్యకశిపుడికి పగలు చావు లేదు, రాత్రి చావు లేదు, ఇంట్లో లేదు, బయట లేదు, మనిషి చేతిలో లేదు, మృగం చేతిలో లేదు. ఆ వరాన్ని ఎవరూ రద్దు చేయలేదు, అందులో ఒక్క మాట కూడా తప్పలేదు, సంధ్యవేళ గడప మీద నరసింహుడొచ్చి అన్ని షరతులూ పాటించే చంపాడు. భస్మాసురుడి వరం కూడా చివరిదాకా పనిచేసింది, పనిచేసింది కాబట్టే వాడు బూడిదయ్యాడు. ఈ కథలు విని పెరిగినవాళ్లకి, "ఈ గదిలో మీ స్పెల్స్ పనిచేయవు" అని గేమ్ మాస్టర్ చెప్తే చాలా చప్పగా ఉంటుంది. మిగతా స్పెల్స్‌ని పనిచేయనివ్వని యాంటీమ్యాజిక్ ఫీల్డ్ అనేది ఎయిత్ లెవెల్ స్పెల్, పది అడుగుల రేడియస్ మాత్రమే, దాన్ని ప్రతి జైలుకీ ప్రతి ఖజానాకీ పరిచేయడం నాకు నచ్చదు. ప్లేయర్ కష్టపడి పదమూడో లెవెల్‌కి వచ్చి సంపాదించుకున్న శక్తి అది, దాన్ని గౌరవించాలి.

హత్య కథ నడవదన్నారు కదా, దాని గురించి చెప్తా. స్పీక్ విత్ డెడ్ వేస్తే ఐదు ప్రశ్నలు అడగొచ్చు. శవానికి నోరుండాలి. బతికున్నప్పుడు దానికి తెలిసిందే చెప్తుంది. నువ్వు దానికి శత్రువైతే నిజం చెప్పాలన్న బలవంతం కూడా లేదు. ఇంకోటి, ఒకసారి వేశాక పది రోజుల దాకా అదే శవం మీద మళ్లీ పనిచేయదు. మరి ఇలాంటి స్పెల్ ఉన్న పట్నంలో హంతకులు ఊరికే కూర్చుంటారా? డబ్బున్నవాడు ఒక చిల్లర క్లెరిక్‌ని మాట్లాడుకుంటాడు, చంపిన వెంటనే వాడొచ్చి ఐదు పనికిరాని ప్రశ్నలు అడిగేసి వెళ్తాడు, ఇంక పది రోజులు నోరు మూతపడినట్టే. అందుకే మా పట్నంలో అధికారులు రాకముందు శవం దగ్గర ఏ స్పెల్ వేసినా అదే పెద్ద నేరం, ఆ నేరం కింద అమాయకంగా అన్న శవంతో చివరి మాట మాట్లాడుకున్న తమ్ముడు కూడా జైల్లో పడతాడు.

నేను నడిపిన వాటిల్లో మా వాళ్లు ఇప్పటికీ తలుచుకునే కేసు ఇలాంటిదే. శవాన్ని అడిగారు, "నా తమ్ముడే పొడిచాడు" అంది. శవం అబద్ధం చెప్పలేదు, తను చూసింది తమ్ముడి మొహాన్నే. డిస్‌గైజ్ సెల్ఫ్ ఫస్ట్ లెవెల్ స్పెల్, గంటసేపు ఎవరి మొహమైనా పెట్టుకోవచ్చు. తమ్ముణ్ణి అబద్ధం ఆడనివ్వని జోన్ ఆఫ్ ట్రూత్ అనే స్పెల్‌లో నిలబెట్టారు, "నువ్వు చంపావా" అంటే లేదన్నాడు, స్పెల్ వేసిన మా క్లెరిక్‌కి అది అతని మీద పట్టిందని కచ్చితంగా తెలుసు, ఎందుకంటే ఆ స్పెల్‌లో సేవ్ (స్పెల్‌ని తట్టుకోవడానికి వేసే డైస్) ఫెయిలయ్యారో లేదో వేసినవాళ్లకి తెలిసిపోతుంది. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మా విజార్డ్, అంటే మంత్రగాడి క్యారెక్టర్, ఆడే అతను "ఒక్క నిమిషం అన్నా, ఇద్దరూ నిజమే చెప్తున్నారంటే..." అని ఆగిపోయాడు, కాల్‌లో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. మ్యాజిక్ లేకపోతే ఆ క్షణమే లేదు. కాకపోతే ఇందులో గేమ్ మాస్టర్ ఒక నియమం పాటించాలి, స్పెల్ వేసినందుకు వాళ్లకి నిజంగా పనికొచ్చేదేదో దొరకాలి, వేసినా వేయకపోయినా ఒకటే అనిపిస్తే తర్వాత నుంచి ఎవరూ వేయరు.

ఫైట్ల గురించి పెద్దగా చెప్పను, వాటి మీద సలహాలు బోలెడు దొరుకుతాయి. విలన్‌ని ఖాళీ గదిలో ఒంటరిగా నిలబెట్టొద్దు, విలన్ మన స్పెల్‌ని తప్పించుకునే లెజెండరీ రెసిస్టెన్స్ రోజుకి మూడే కాబట్టి వాటిని ప్లేయర్లు ఖర్చు చేయించడం కూడా ఒక గెలుపులాగే వర్ణించండి, ధ్యాస నిలిపి కొనసాగించాల్సిన కాన్సంట్రేషన్ స్పెల్ ఒకసారికి ఒక్కటే అన్న రూల్‌ని గట్టిగా పట్టుకోండి, ఎదుటివాళ్ల స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ అరవై అడుగులకే కాబట్టి యుద్ధభూమి పెద్దగా గీయండి. అంతే.

శక్తి ఎంతున్నా తీరని సమస్యలు ఎలా పెట్టాలి అనేదే అసలు పని. క్షణంలో వేరే చోటికి చేర్చే టెలిపోర్ట్ స్పెల్ చూడండి. సెవెంత్ లెవెల్, వేసినవాళ్లతో పాటు ఇంకో ఎనిమిది మంది వెళ్లొచ్చు. పదమూడో లెవెల్‌లో ఆ స్థాయి స్లాట్, అంటే స్పెల్ వేసే అవకాశం, రోజుకి ఒక్కటి. మా పార్టీలో, అంటే క్యారెక్టర్ల గుంపులో, నలుగురు. నదికి గండి పడింది, తెల్లారేలోపు ఊరు మునిగిపోతుంది, ఊళ్లో రెండొందల మంది. వేసేది ఒకరు, మిగతా ముగ్గురు వెళ్తే ఇంకా ఐదుగురికే చోటు. టెలిపోర్ట్ ఉండటం వల్ల వరద కథ తేలికవుతుందని ఎవరైనా అంటే నేను ఆ సెషన్ గురించి చెప్తా. మా ఫైటర్, రోగ్ (దొంగ క్యారెక్టర్) ఇద్దరూ "మేం ఉండిపోతాం, ఇంకో ఇద్దర్ని తీసుకెళ్లు" అన్నారు, అప్పుడు ఏడుగురు, ఆ ఏడుగురు ఎవరో ఎంచాల్సింది విజార్డ్. అతను ఎంచలేదు. స్లాట్ వాడి ఒక్కడే వెళ్లి పైన ఆనకట్ట కాపలా మంత్రగాణ్ణి లేపి తీసుకొద్దామన్నాడు, ఆ చోటు సరిగ్గా తెలియకపోతే స్పెల్ తప్పిపోయే ప్రమాదముంది, అది కూడా పుస్తకంలోనే ఉంది, పర్సెంటేజ్ డైస్ (ఒకటి నుంచి వంద దాకా పడే డైస్) చేతిలో పట్టుకుని చాలాసేపు వేయలేకపోయాడు. నేను అప్పటికి ఒక్క ముక్క కూడా కల్పించలేదు, అంతా ఆ స్పెల్‌లో రాసున్నదే.

సెషన్ తయారీలో నేను వదలని అలవాటు ఒకటుంది, ప్రతిసారీ ముందు నలుగురి స్పెల్ లిస్టులూ మళ్లీ చదువుతా. అడ్డు వేయడానికి కాదు, ఎవరి దగ్గర ఏ స్పెల్ చాలాకాలంగా వాడకుండా పడుందో చూసి అది ఒక్కసారైనా మెరిసే చోటు పెడతా. నీటిలో ఊపిరాడే స్పెల్ తీసుకుని ఏడాదైనా నది దిగలేదంటే నది నేను తెచ్చిపెట్టాలి.

విలన్ల విషయంలో మన కథలు బాగా పనికొచ్చాయి. లిచ్ అని ఒక రాక్షసుడుంటాడు ఈ ఆటలో, పెద్ద మంత్రగాడు, ప్రాణాన్ని ఒక పెట్టెలో దాచుకుంటాడు, ఆ పెట్టె ఉన్నంతకాలం ఎన్నిసార్లు చంపినా తిరిగొస్తాడు, పైగా ఆ పెట్టెకి ఆత్మల్ని మేతగా వేస్తుండాలి. మా టేబుల్లో ఇది వివరించాల్సిన అవసరమే పడలేదు, ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం అని వింటూ పెరిగినవాళ్లం కదా, చెప్పగానే "అయితే చిలకెక్కడుంది?" అన్నారు. మా లిచ్ ఆ గనికే యజమాని. కూలిపోయిన సొరంగాల్లో పోయినవాళ్ల ఆత్మలే వాడి మేత, అందుకే గనికి దూలాలు వేయించడు.

ఇంక కోరింది జరిపించే విష్ స్పెల్ గురించి చెప్పి ఆపుతా. నైన్త్ లెవెల్, పదిహేడో లెవెల్ విజార్డ్‌కి వస్తుంది. ఎనిమిదో లెవెల్ దాకా ఏ స్పెల్‌నైనా దానితో కాపీ కొడితే ఏ ప్రమాదమూ లేదు. దాన్ని దాటి ఇంకేదైనా కోరుకుంటే ఒంట్లో బలం పోతుంది, ఆ తర్వాత జీవితంలో మళ్లీ ఆ స్పెల్ వేయలేకపోయే అవకాశం నూటికి ముప్ఫై మూడు. చాలామంది గేమ్ మాస్టర్లు ప్లేయర్ వాడిన మాటల్లో సందు వెతికి కోరికని వంకరగా తీరుస్తారు, పుస్తకం కూడా దానికి ఒప్పుకుంటుంది. నేను అలా చేయను. అంతదాకా ఆడుకుంటూ వచ్చి ఒక మనిషి మనసులోంచి ఒక కోరిక కోరితే, దాన్ని కోరినట్టే ఇవ్వాలి, ఆ తర్వాత లోకం ఏమవుతుందో నిజాయితీగా చూపించాలి.

లిచ్ పోయాక మా విజార్డ్ విష్ వేశాడు. తనకేమీ అడగలేదు. "ఈ గనిలో పోయినవాళ్లందరూ, రావాలనుకున్నవాళ్లందరూ, ఆరోగ్యంగా తిరిగి రావాలి" అన్నాడు, ఆ మాట ముందే కాగితం మీద రాసుకుని పెట్టుకున్నాడట. పర్సెంటేజ్ డైస్ వేస్తే పంతొమ్మిది పడింది, ముప్ఫై మూడు లోపే, అంటే ఇంక ఎప్పటికీ విష్ లేదు. నేను ఇచ్చేశాను, ఏ మెలికా పెట్టలేదు. వేలమంది కొండ దిగి వచ్చారు. కొందరి భార్యలు వేరే పెళ్లి చేసుకున్నారు, కొందరి పిల్లలు వాళ్లకన్నా పెద్దవాళ్లైపోయారు, అంతమందికి ఇళ్లు లేవు, తిండి లెక్క నేను పైన చెప్పిందే, ముప్ఫై మందికి ఒక క్లెరిక్. వచ్చే ఆదివారం ఆట అక్కణ్ణుంచే మొదలు. మొట్టమొదట మాట్లాడబోయే మనిషిని రెడీ చేసి పెట్టుకున్నా, నలభై ఏళ్ల కింద సొరంగంలో పోయిన ఒక పెద్దావిడ, గని ఆఫీసు ముందుకొచ్చి నాకు రావాల్సిన వారం కూలి ఎవరిస్తారు బాబూ అని మా వాళ్లని అడుగుతుంది.